ఓబుళేశు కవాతు పాట

ఒక పెళ్లి బ్యాండు మేస్త్రికి తండ్రి మిగిల్చింది ఒక క్లారినెట్టు, ఒక పాత కవాతు పాట. ఆ పాటను అతను నలభై వాయిద్యాలకు రాశాడు. ఆత్మకూరు కల్యాణ మండపం ముందు, పెళ్లికొడుకు ఇంకా గుర్రం మీద ఉండగానే, అతని ఆర్కెస్ట్రా ఆ పాట మధ్యలో ఆగిపోయింది. పెళ్లికొడుకు తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, ఆపేస్తిరే? పాట అయిపోకుండా మా ఇంట్లో ఎవురూ గుర్రం దిగరు!"

"తెలుసు సామీ. ఈడ నుంచి నా క్లారినెట్టు ఒక్కటే పలకల్ల."

"అయితే ఊదు!"

"మీ పెండ్లిలో ఇదే పాట ఊదుతాంటే, మా నాయన ఓబుళేశును మీరే మైకులో తిట్టి తరిమినారు. ఈ పొద్దు మైకులోనే ఆయప్ప పేరు మర్యాదగా చెప్పండి."

"నేను చెప్పల్లనా?"

"మీ ఇష్టం. కొడుకు మాత్రం ఎండలో ఉండాడు."

మైకు గరగరలాడింది. "ఈ పాట... ఓబుళేశు గారిది."

"వెనకోళ్లకు ఇనపల్లేదు సామీ, ఇంకోసారి."

"ఓబుళేశు గారిది!"

"చాలు. ఒక్క తిట్టుకు రెండు 'గారు'లు వచ్చినాయి. ఇంక ఊదుతా."