మనవుల డబ్బల పడ్డ కాగితం

హలో… ఆ, నేనే. ఫేబనే. …

నా కొత్త నంబర్ నీకెవరిచ్చిండ్రు? …

ఆఁ, ‘నువ్వు’ అనే అన్న. ఆరేండ్లు నీ పెండ్లాన్నై మీరు మీరు అని అలసిపోయిన జోయెలూ. ఇగ చాలు. …

గౌరవమా? లేచి నిలవడి మాట్లాడాల్నా? కుర్సీల కూసున్న, లెవ్వ. మొగడు మాట్లాడంగ పెండ్లాం కూసోవద్దన్నది నీ ఇంట్ల కాయిదా. ఇది మా అమ్మ ఇల్లు. …

ఫోన్ ఎందుకు చేసినవో అది చెప్పు. సమ్మె నడుస్తున్నది, బడి బంద్. పొద్దువోతలేదా సారుకు? …

ఏం కాగితం? …

ఏ డబ్బల? … ఆగు. ఒర్లకు, మెల్లగ చెప్పు. …

నిన్న ఆడోళ్ల ప్రార్థనల… ప్రార్థన మనవులు రాసి ఏసే డబ్బ తెరిచి… పాస్టరమ్మ చదివిందా? అందరి ముంగట? …

ఒక్క నిమిషం. ఉండు.

— అమ్మా! నా దిండు కింది కాగితం తీసినవా? … చర్చిల డబ్బల ఏసినవా? … అయ్యో, అది ప్రార్థన కాదమ్మా! … ఏడ్చుకుంట రాస్తే ప్రార్థనేనా? … చదువు రానిదానివి, నన్నొక మాట అడగొద్దా? … సరే తియ్యి. నువ్వేడ్వకు. ఏం గాలే.

హలో. ఆ, విన్నవ్ గద. నేను పంపలే. మా అమ్మ ఏసింది, దేవునికి అందుతదనుకొని. …

ఎందుకు రాసిన్నా? దవాఖానల దేవిక మేడం రాయమన్నది. మంగళవారం మంగళవారం పోతున్న, ఐదు నెలలాయె. మనసుల ఉన్నదంత రాయి, ఎవ్వరికి చూపొద్దు, నీ కోసమే రాయి అన్నది. …

పిచ్చోళ్ల డాక్టరే. బస్సులు బందైనా నడిచి పోయిన ఆమె దగ్గరికి. పిచ్చిదాన్ని చేసింది నువ్వు, బాగు చేస్తున్నది ఆమె. ఇంకేమన్న ఉన్నదా? …

అబద్ధమా? … అండ్ల నీ పేరున్నదా? చెప్పు. పాస్టరమ్మ నీ పేరు సదివిందా? … సదవలే. ఎందుకంటే నేను రాయలే. ‘ఆయన’ అని రాసిన, గంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వెందుకు ఉరుకుతున్నవ్? …

ఓ… అండ్ల రాసిన టేప్ సంగతా. మీ అక్క నవోమి అక్కడనే ఉన్నదా? విని గుర్తువట్టిందా? … పడ్తది మరి. పక్కింట్లనే ఉండె గద. నువ్వు కీర్తనల క్యాసెట్ ఏసి, సౌండ్ పెంచి, తలుపు గొళ్లెం పెట్టేదాకా ఆమెకు నా ఏడ్పు వినవడేది. ఆ తర్వాత పాటలే వినవడేవి. …

ఊకోను. ఆ పాటలంటే నాకు చిన్నప్పటి సంది పానం. మా నాయిన ఒళ్లె కూసోని నేర్చుకున్న. ఇప్పుడు యాడన్న మైకుల వస్తే చెవులు మూసుకొని దూరం పోత. కొట్టినయ్ మానినయ్ జోయెలూ. ఇది మానలే. …

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తదా? చించింది ఎవలు? …

ఓహో. గిప్పుడు అసలు ముచ్చట బయటికొచ్చింది. ఆదివారం చర్చి కమిటీ ఎలక్షనా? నువ్వు నిలవడ్డవా? … అందుకే ఇంత పరేషాన్. నేనింకా, ఫోన్ల ఒక్కసారన్న ‘ఎట్లున్నవ్’ అంటవేమో అనుకున్న. …

ఏందీ? … మళ్లా చెప్పు. … ఆరాధన కాంగనే నేను అందరి ముంగట నిలవడి, నా తలకాయ మంచిగ లేదు, అంత ఉత్తదే రాసిన అని చెప్పాల్నా? … నువ్వు నా పక్కన నిలవడి నన్ను క్షమిస్తవా? …

నవ్వుత మరి! ధర్నా టెంట్ల కూసోని మా హక్కులు మాగ్గావాలె అని గొంతు చించుకుంటవట. ఇంట్ల నాకు నోరెత్తే హక్కు లేకపాయె. …

బెదిరిస్తున్నవా? … బెదిరియ్యి. నాకు భయం పోయిందనుకోకు. భయం పొయ్యేదాక నోరు మూసుకొని ఉండనవసరం లేదని మేడం చెప్పింది. భయంతోనే మాట్లాడుతున్న. …

సరే. వస్త. …

అవ్, ఆదివారం వస్త. ముంగట నిలవడ్త. …

ఖుషీ అయితున్నవా? ఇంకా ఇను. డబ్బల పడ్డది ఒక్కటే కాగితం. నేను రాసినయ్ నాలుగు. మిగతా మూడు తెస్త. అవి నా నోటితోనే సదువుత. అండ్ల ‘ఆయన’ ఎవరో పేరు కూడ చెప్త. …



రావొద్దా? ఇప్పుడే గద రమ్మన్నవ్. …

ప్లీజా? ఆరేండ్లల నీ నోట్ల ఆ మాట నేనెన్నడు వినలే. ఎలక్షన్ కోసం వచ్చింది, నా కోసం రాలే. …

లే, నిన్ను ఓడగొట్టనీకి కాదు నేనొచ్చేది. ఎలక్షన్ నువ్వు గెలువు, ఓడు, నాకు పని లేదు. ఇను. నీ మొకం చూడొద్దని ఐదు నెలలు చర్చి గడప తొక్కలే నేను. కొట్టినోనివి నువ్వు ముంగటి బెంచీల కూసోని పాడవడితివి, దెబ్బలు తిన్నదాన్ని నేను ఇంట్ల దాసుకోవడితి. ఎంత గలీజ్ లెక్క ఇది! అది నా చర్చి గూడ. వచ్చి ముంగటి బెంచీలనే కూసుంట. నీకు చాతగాకుంటే నువ్వు ఎనకకు పో.

ఫోన్ పెడుతున్న.