ఐదో కొమ్ము

గోపాలపట్నంలో రైలు పట్టాల పక్క వీధి. డిసెంబరు సాయంత్రం. పోర్టు కళాసీ యోహాన్, అతని భార్య రోజలిన్ గుమ్మం ముందు కూర్చుని క్రిస్మస్ స్టార్ కడుతున్నారు.

"పురికొస గట్టిగా లాగు రోజీ. వదులుంటే సముద్రం గాలికి కొమ్ము ఊడిపోద్ది."

"నాకు నేర్పొద్దన్నానా లేదా, బావా?"

"నేర్పట్లేదు. పట్టుకోమంటన్నాను."

"పట్టుకోమంటన్నావు, లాగమంటన్నావు, ముడెయ్యమంటన్నావు. పెళ్ళైన కాడ్నుంచీ ఈ స్టార్ నువ్వే కడతన్నావు. ఎప్పుడన్నా నన్ను దగ్గరికి రానిచ్చినావేటి? నాను సెయ్యెడితే వంకరొచ్చేత్తాదనీవోడివి. ఇప్పుడేటి, పెద్ద మాస్టారువైపోనావు?"

"వచ్చే యేడు నానుండను. ఎవరో ఒకరికి తెలియాల కదేటి."

"అదిగో. మళ్ళీ."

"ఉన్న మాటే కదే."

"నోరు ముయ్యి. కేరల్స్ వోళ్ళు వచ్చే టైమయింది. కేథరిన్ ఆళ్ళతోనే వత్తాది. ఆ పిల్ల ముందర ఇలాటి మాట ఒక్కటాడినావంటే ఈ వెదురుబద్దతోనే ఇరగదీత్తాను, సెప్తన్నాను."

"గుంటకి సెప్పలేదు కదా?"

"ఏటని సెప్పమంటావ్? మీ నాన్న ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారమ్మా, పెద్దాసుపత్రికి రావయ్యా అంటే రానంటన్నాడు, గుమ్మంలో కూకుని బద్దలు సీలుకుంటన్నాడమ్మా అని సెప్పమంటావా?"

"సెప్పకు. పండగెళ్ళిపోనీ."

"పండగెళ్ళిపోతే నయమైపోద్దేటి?"

"ఆ సీరముక్క ఇలాగియ్యి. మొదటి కొమ్ముకి అదే."

"నా మాటకి జవాబు సెప్పు."

"సీరముక్క, రోజీ."

"ఇదిగో, తీసుకో. నా పెళ్ళి సీర. అంచు పీలికలైపోయింది. ఇంకో రెండేళ్ళకి దారప్పోగులే మిగుల్తాయి."

"దీపం ఎడితే బాగానే ఉంటాదిలే. రెండోది కేథరిన్ బారసాల గౌను. మూడోది తుపాను యేడు ఇంటి మీద కప్పిన టార్పాలిను. ఆ రాత్రి గుర్తుందా? రేకులన్నీ లేసిపోయి, ముగ్గురం ఈ నీలం ముక్క కిందే ఉన్నాం."

"గుర్తు లేకేటి. కేథరిన్ని మధ్యనెట్టుకుని నువ్వు తెల్లారిందాకా అటో కొస ఇటో కొస పట్టుకున్నావు."

"నాలుగోది నా పాత ఎక్సరే."

"అది నానే కడతాను. నీకు తిన్నగా పెట్టడం రాదు."

"ఓడలో పడ్డప్పటిది. పన్నెండేళ్ళయింది కదూ?"

"పదమూడు. ఎడం పక్క మెడకింద ఎముక రెండు ముక్కలైపోయింది. ప్లేటేసి ఆరు స్క్రూలు బిగించినారు. నాకు తెలీదేటి? మూడు నెలలు కట్టు మార్చింది నాను. నీళ్ళు పోసింది నాను. అన్నం కలిపి నోట్లో పెట్టింది నాను."

"మా అయ్య సెప్పీవోడు, స్టార్లో రంగుకాయితాలు కావురా, దేవుడు ఏటిచ్చినాడో, దేన్నుంచి తప్పించినాడో అది పెట్టాల అని."

"ఆ. అందుకే సెప్తన్నాను. ఐదో కొమ్ముకి ఎర్రకాయితం తెచ్చినాను. అది అతికించెయ్యి. ఈ యేడు కాయితమే."

"కాయితం వద్దు. ఆ అలమారు మీద కవరుంది కదా, పట్రా."

"ఏ కవరు?"

"నీకు తెలుసు ఏ కవరో."

"సీ! నీకు మతి పోయిందేటి బావా? ఆ దరిద్రాన్ని తీసుకొచ్చి స్టార్లో పెడతావా?"

"నా ఫొటో అనుకో. నాను పోయినాక కూడా యేటేటా దీపం పెడితే నాను కనపడతాను మీకు."

"అయ్యో! అయ్యో, పెబువా, ఈ మనిషి నన్ను సంపేత్తన్నాడు! ఇందులో ఉన్నవన్నీ దేవుడిచ్చినవీ, మనం తప్పించుకున్నవీ. అది తప్పించుకున్నదేటి? సెప్పు! అది తప్పించుకున్నదేటి?"

"అరవకు. పక్కోళ్ళు వింటారు."

"విననీ! మొత్తం గోపాలపట్నం విననీ. మూడు వారాలైంది. మూడు వారాల్నుంచి పిడికెడు కూడు తిన్లేదు, కంటినిండా నిద్రలేదు. పోర్టులో ఎట్టిన ఎక్సరే కేంపులో ఆ డాక్టరు ఒక్క ఫిల్ము సూసి ఒక్క మాటన్నాడు. అంతేకదా! పెద్దాసుపత్రిలో సూపించుకో అన్నాడు, సచ్చిపోతావ్ అన్లేదు."

"మా అన్నకీ అలాగే అన్నారు. టిమోతి అన్నని ఎన్ని ఆసుపత్రులు తిప్పినాం? కోసినారు, కుట్టినారు, మళ్ళీ కోసినారు. ఆకర్న నన్ను సూసి, ఒరే, నన్నింటికి తీసుకెళ్ళిపోరా అన్నాడు. తీసుకెళ్ళినానా? లేదు. ఇంకో వారం సూద్దాం అన్నాను. ఆ వారంలోనే పోయినాడు, ఆ వరండాలో. నాను అలా పోను, రోజీ. నా గుమ్మంలో పోతాను."

"మరి నానేటైపోవాల? సెప్పు బావా. నువ్వు గుమ్మంలో పోతావు, బాగానే ఉంది. మరి ఆ గుమ్మంలోంచి నాను రోజూ ఎలా నడవాల?"

"ఏడవకే."

"ఏడుత్తాను. నా ఇష్టం. ఎవరికీ లేని దగ్గా నీది? బొగ్గు ఓడలో దిగినోడికల్లా దగ్గే."

"అవును మరి, మా పోర్టు ఎల్లారావు నాకంటే ఎక్కువ దగ్గుతాడు. కేంపు లైన్లో నా ఎనకాలే ఉన్నాడు. కళ్ళంట నీళ్ళొచ్చేలాగ దగ్గి, బావా, మనిద్దరికీ ఒకే చీటీ రాసిచ్చేత్తాడేమో డాక్టరు అని ఎగతాళి కూడా సేసినాడు. తీరా సూత్తే ఆడికేటీ లేదన్నారు. నాకు ఫిల్ము మీద గడ్డ సుట్టూ సున్నా సుట్టిచ్చినారు. రాత, అంతే."

"ఆడి పేరెత్తకు."

"ఆడేటి సేసినాడు? పొద్దున్న వచ్చినాడు కదా, పులిహోర తెచ్చినాడు?"

"తెచ్చినాడు. ఏటీ లేదని తేలితే గుండు సేయించుకుంటానని మొక్కుకున్నాడట. సింహాచలం ఎళ్ళి, కొండ మెట్లన్నీ ఎక్కి, గుండు కొట్టించుకుని, అక్కా ప్రసాదం తినండి అని నవ్వుతా నిలబడ్డాడు గుమ్మంలో. ఆడి మొకంలోకి సూడలేకపోనాను."

"మంచోడే ఆడు."

"మంచోడే. నానే సెడ్డదాన్ని. బావా, నీకో మాట సెప్పాల. తిట్టకు."

"ఏటి?"

"పార్థన సేసినాను. సెడ్డ పార్థన."

"ఏటని?"

"అటూ ఇటూ మార్చమని."

"అంటే?"

"నీది ఆడికి, ఆడిది నీకు. పెబువా, నా బావకిచ్చింది ఆ ఎల్లారావుకిచ్చెయ్యి అని అడిగినాను. మోకాళ్ళ మీద కూకుని, పేరెట్టి అడిగినాను."

"రోజీ! ఆడికి ఇద్దరు సిన్నపిల్లలే."

"తెలుసు. తెలిసే అడిగినాను. ఒక్కసారి కాదు, మూడు వారాల్నుంచి రోజూ అడుగుతన్నాను. నువ్వు నన్ను అంతదాకా తెచ్చినావు. ఇప్పుడు సెప్పు, రేపు ఆసుపత్రికి వత్తావా రావా? పొద్దున్న ఆరింటికి ఆటో మాట్లాడేసినాను."

"నన్నడక్కుండా?"

"నిన్నడిగితే వద్దంటావు. రా బావా. నీ కాళ్ళట్టుకుంటాను. ఇంద, పట్టుకున్నాను."

"లెగు. లెగు రోజీ, ఎవరన్నా సూత్తారు. లెగవే."

"వత్తానను."

"సరే. ఒక మాట. ఆ ఫిల్ము ఐదో కొమ్ములో పెట్టనియ్యి. ఈ ఒక్క రాత్రికి. పెట్టనిత్తే రేపు వత్తాను."

"ఒట్టా?"

"ఒట్టు."

"అయితే కొయ్యకూడదు. రేపు డాక్టరుకి సూపించాల. ముక్కలు సెయ్యకుండా, అలాగే క్లిప్పులెట్టి తగిలించు."

"అలాగే. తే."

"ఇదిగో. నాను ముట్టుకోను. కవర్లోంచి నువ్వే తీసుకో."

"నానూ ఇదే మొదలు తియ్యడం. ఆ రోజు డాక్టరు కవరు మీద పేరు సదివి, ఫిల్ము పైకెత్తి సూసి, స్కెచ్చిపెన్నుతో సున్నా సుట్టి, మళ్ళీ కవర్లో పెట్టి ఇచ్చేసినాడు. రెండు నిమిషాలు. నాకు సూడ్డానికి దైర్యం సాల్లేదు."

"ఇప్పుడెలాగొచ్చింది దైర్యం?"

"నువ్వున్నావు కదా పక్కన. నాలుగో కొమ్ము పక్కనే పట్టుకో. కొంచెం పైకి. ఆ. క్లిప్పెట్టు. ఇంకోటి. నాను బల్బెయ్యనా?"

"ఎయ్యి. నాను సూడను."

"ఎలిగింది. సూడు రోజీ."

"సూడనన్నాను."

"ఒక్కసారి. నీ పెళ్ళి సీర సూడు ఎంత బాగుందో. గౌను మీద పువ్వులు కూడా కనపడతన్నాయి. అటు సూడకపోతే పోనీలే, ఇటన్నా సూడు."

"బాగుంది."

"బాగుంది కదూ?"

"ఆ సున్నా ఇంత పెద్దదేటి, బావా..."

"సూసేసినావా? అయితే ఇక సాలు, ఆర్పెయ్యనా?"

"ఆగు."

"ఏటి?"

"ఆర్పొద్దు. ఆగు. ఈ పక్కనున్నది పాతది కదా? ప్లేటు, ఆరు స్క్రూలు. నిచ్చెన మెట్లలాగ తెల్లగా కనపడతన్నాయి."

"అవును."

"మరి దీంట్లో ఏవి?"

"ఏటేవి?"

"స్క్రూలు."

"ఉంటాయి సూడు. ఎడం పక్క."

"ఎడం పక్క సూసినాను. లేవు."

"తిరగేసి పెట్టినామేమో."

"తిరగేత్తే కుడి పక్కనుండాల. కుడి పక్కా లేవు. రెండు పక్కలా ఎముకలు సక్కగా, అతుకే లేకుండా ఉన్నాయి."

"కొత్త మిషన్ కదా. దాంట్లో కనపడవేమో."

"గడ్డ కనపడి ఇనుము కనపడదా? నాకు తెలీకుండా తీయించేసుకున్నావేటి?"

"నీకు తెలీకుండా నా మెడ కోత్తారేటే?"

"సొక్కా గుండీలిప్పు."

"రోజీ, వీధిలో..."

"ఇప్పమంటన్నానా! ఇదిగో. ఇక్కడే ఉన్నాయి. నా యేలి కింద తగుల్తన్నాయి. ఒకటి, రెండు..."

"నొప్పెడతంది."

"నొప్పెట్టనీ. మూడు, నాలుగు, ఐదు. ఇదిగో, ఆరు. ఆరూ నీ ఒంట్లోనే ఉన్నాయి. బావా! ఇది నువ్వు కాదు!"

"కవరు మీద నా పేరే ఉంది."

"కవరు మీదుంది. ఫిల్ము మీద ఏటుంది? సదువు."

"నెంబరుంది. నెంబరొక్కటే."

"మార్చేసినారు! రెండొందల మందిని లైన్లో నిలబెట్టి ఎవడి కవర్లో ఎవడిది పెట్టేసినారో! నీకేటీ లేదు! ఓ పెబువా, నా తండ్రీ, నీకు స్తోత్రం! నీకేటీ లేదు బావా!"

"నాకేటీ లేదు."

"ఏడుత్తన్నావా నవ్వుతన్నావా?"

"తెలవట్లేదే."

"కూకో. కూకో ఇక్కడ. అన్నం తెత్తాను, నా సేత్తో పెడతాను. ఈ ఫిల్ము ఇక్కడే ఉంచేద్దాం, యేటేటా ఉంచేద్దాం. దీన్నుంచి కూడా తప్పించుకున్నాం కదా మనం!"

"తీసెయ్."

"ఎందుకు?"

"తీసెయ్ రోజీ. ఇది మనది కాదు. ఇంకో మనిషిది."

"ఎవుడిదైతే మనకేటి? ఎవుడో, ఏ ఊరోడో."

"క్లిప్పు తియ్యి. జాగ్రత్త, గీత పడకూడదు. కవర్లో పెట్టు."

"పెట్టినాను. ఏటి బావా, అలా ఉండిపోనావు?"

"డాక్టరు కాడికెళ్ళకముందు, ఎక్సరే గదికాడ మా ఇద్దరికీ ఒకేసారి సేతికిచ్చినారు కవర్లు. ఒకదానిమీదొకటి."

"ఎవరెవరికి?"

"నీకు తెలుసు ఎవరికో."

"తెలవదు. నాకు తెలవదు. నువ్వు సెప్పకు."

"లైన్లో నా ఎనకాలెవరున్నారు, రోజీ?"

"సెప్పొద్దన్నాను! బావా, నాను అడిగినాను గానీ... నాను నిజంగా... నా నోటికి పురుగులు పడిపోను, నానెందుకడిగినాను?"

"నువ్వడక్కముందే అది ఆడి ఒంట్లో ఉంది. నీ పార్థనకీ దానికీ ఏటీ లేదు. ఇలా సూడు. ఏటీ లేదు."

"గుండు సేయించుకున్నాడు బావా, ఆడు."

"ఆ."

"అక్కా తినండి అన్నాడు. ఆ పులిహోర నాను ముట్టుకోలేదు. గిన్నెలో అలాగే ఉంది."

"పట్రా. ఇద్దరం తిందాం."

"డప్పు వినపడతంది. పిల్లలు మలుపు తిరిగినట్టున్నారు."

"కళ్ళు తుడుసుకో. ఐదో కొమ్ముకి ఆ ఎర్రకాయితం ఎట్టెయ్యి, బేగి."

"ఎడతన్నాను. బావా, మరి రేపటి ఆటో? వద్దని సెప్పెయ్యనా?"

"వద్దనకు. ఆరింటికి కాదు, ఐదింటికే రమ్మను. దారిలో కంచరపాలెంలో ఎల్లారావుని ఎక్కించుకోవాల."