ఆదివారానికి ఏ బ్రేక్ ఆయిల్?

బయట వానాకాలపు ముసురు. కువబారా గ్యారేజీలో రేసు కారు నాలుగు చక్రాలూ ఊడి జాకీల మీద ఉంది. దాని పక్కన మామా అల్లుళ్లిద్దరే ఉన్నారు. పెళ్లినాడే మామ ఇంటిపేరు పుచ్చుకున్న ఇల్లరికపు అల్లుడు త్సుకాసా. ఆ సంగతి అతణ్ణి ఒక్కపూట కూడా మరవనివ్వని మామ తొషికాజు.

“ఏమిటది చేతిలో?”

“బ్రేక్ ఆయిలండి, మామయ్యగారూ.”

“అది తెలుస్తోందయ్యా, నాకింకా కళ్లు పోలేదు. ఏ ఆయిల్ అని?”

“డాట్ ఫోర్. మామూలుదే.”

“మామూలుదే! కూరగాయలకెళ్లే బండికి పోసేది తెచ్చి దీనికి పోస్తావా? ఆదివారం రేసుంది, గుర్తుందా?”

“ఉందండి.”

“కిందటేడు ఏమైందో?”

“అదీ గుర్తుందండి.”

“లేదులే, నేను చెబుతా విను. దిగుడు మలుపులో ఆయిల్ సలసలా మరిగింది. గొట్టాల నిండా ఆవిరి బుడగలు. నువ్వు తొక్కావు, పెడల్ సరాసరి నేలకి దిగిపోయింది, కారెళ్లి గులకరాళ్లలో కూలబడింది. తలుపు మీదేమో ఇంతేసి అక్షరాలతో కువబారా అని నా ఇంటిపేరు! మన పోటీ నెజు గ్యారేజీ వాళ్లు దాని ముందు నించుని ఫొటోలు కూడా దిగారు.”

“అప్పుడు పోసింది రేసు ఆయిలే కదండీ.”

“ఎప్పుడు పోశావు? చలికాలంలో! వానల్లో తేమంతా తాగి కూర్చుంది. రేసు ఆయిలంటే ప్రతి రేసుకీ ముందు తీసి పారబోసుకోవాలి. ఇల్లరికం వచ్చి ఇన్నేళ్లైంది, ఇదైనా ఒంటబట్టలేదా?”

“నేననేదీ అదేనండి. రేసు ఆయిల్ ఇలాంటి ముసుర్లో త్వరగా నీరసపడిపోతుంది. ఇదైతే బండికి వచ్చే సర్కారు తనిఖీ దాకా నమ్మొచ్చు.”

“తనిఖీ దాకా ఎవరడిగారయ్యా? నాకు ఆదివారం దాకా చాలు! మనం గెలిస్తే పోయిన బేరాలు మళ్లీ మన గుమ్మం ఎక్కుతాయి. ఓడితే ఊరంతా నెజు దగ్గరికే.”

“ఆదివారం... నాకు గుడికెళ్లే పనుందండి.”

“గుడికా? పెడల్ నేలకి దిగకూడదని మొక్కుకోడానికా?”

“కాదండి.”

“దేవుడెక్కడికీ పారిపోడు. సోమవారం వెళ్లు.”

“ఆ రోజే వెళ్లాలండి. మీ అమ్మాయి ఇత్సుకి కూడా వస్తోంది.”

“అదెందుకు? రేసులో టైము చూసేది అదే కదా!”

“అత్తయ్యగారు కూడా...”

“ఓహో! ఇంటిల్లిపాదీ గుళ్లో, నేనొక్కణ్ణీ నెజు ముందు! డొంకతిరుగుడు దేనికయ్యా, భయమేస్తోందని చెప్పరాదూ?”

“భయమేనండి.”

“ఒప్పుకున్నావూ!”

“రేసంటే కాదండి. మన కనుమ దిగడమంటే.”

“కనుమా? రోజూ దిగుతూనే ఉన్నావు కదయ్యా.”

“పెద్దాసుపత్రి కిందెక్కడో ఉంది కదండీ. ఏ వేళప్పుడు దిగాల్సొస్తుందో. చలి మొదలయ్యేసరికి దారంతా మంచు. అప్పటికి ఈ కారు ఎన్నాళ్లు ఊరికే పడున్నా, తొక్కగానే ఆగాలి.”

“ఎవరికి బాగాలేదు? మీ అత్తయ్యకా? నాకు చెప్పకుండా ఏం దాస్తున్నారు?”

“అందరూ బాగానే ఉన్నారండి.”

“మరి ఆసుపత్రి దేనికి?”

“ఆదివారం పంచాంగంలో కుక్కరోజండి.”

“అయితే? కుక్కరోజుతో మనకేం పని? అది కడుపుతో ఉన్నవాళ్లకి. ఐదో నెలలో గుడికెళ్లి నడికట్టు...”

“అందుకేనండి.”

“ఐదో నెలా?”

“అవునండి. ఆ రోజు దాకా మీకు చెప్పొద్దంది ఇత్సుకి. ఊరంతా చాటేస్తారని.”

“నేనా? నేనెప్పుడు... ఇదిగో, దాన్ని ఈ కారులోనా తీసుకెళ్తావు?”

“ఇంకేముందండీ మనకి? ఇదీ, చెడిన బళ్లు లాగే ఆ ట్రక్కూనే.”

“ట్రక్కులో వద్దు! ఒళ్లు హూనమైపోతుంది. ఇటివ్వు ఆ డబ్బా.”

“రేసుదా అండీ?”

“మామూలుది! చెవుడా నీకు? మూత తీశావా?”

“లేదండి.”

“బతికించావు. నువ్వు చేస్తే గొట్టాల్లో గాలి మిగిల్చేస్తావు. ఎక్కి కూర్చో. తొక్కమంటే తొక్కు, పట్టమంటే పట్టు, వదలమనేదాకా కాలు కదిపావో... తొక్కు. మెల్లిగా, మెల్లిగా! పట్టు. ఇదిగో, ఇంకోటి.”

“చెప్పండి.”

“ఇదయ్యాక ఆ నెజు గాడికి ఫోన్ చెయ్యి. ఈ ఏడు కప్పు వాణ్ణే ఉంచుకోమను. కువబారా వాళ్లకి ఆదివారం గుళ్లో పనుందని చెప్పు.”