ఓబులమ్మ కట్టిన దడి

ఓబులమ్మ పొడుగు మనిషంట. మామూలు పొడుగు కాదు, మొగుడు సుంకన్న పక్కన నిలబడితే ఆమె భుజం కాడికి వచ్చేవాడు. ఆ పొడుగే ఆమెకు తిప్పలు తెచ్చిపెట్టింది అనుకో. ఎట్లాగంటే, ఆ సీమ పాళెగాడు ఏటేటా పెద్దమ్మ జాతరకి గుర్రాల పందెం పెట్టించేవాడంట. ఉత్త పరుగు కాదు, దూకుడు పందెం. దారిలో అక్కడక్కడా కంపదడులు కడతారు, గుర్రాలు వాటి మీదుగా దూకిపోవాల. గుర్రమెక్కే ప్రతి పిల్లోడి తల్లీ ఒక దడి కట్టాలని ఆచారం. మన బిడ్డ దూకేది మన చేత్తో కట్టుకుంటే ఎవరూ మోసం చేసినారని అనుకోడానికి ఉండదు కదా, అందుకని. మరి ఎత్తెంత అంటే, కట్టినామె మోచెయ్యి మడిచి పెడితే దడి కొసకు తగలాల, అంత. పొట్టి తల్లి కడితే పొట్టి దడి, పొడుగు తల్లి కడితే పొడుగు దడి. ఆ యేడు ఓబులమ్మ కొడుకు మద్దిలేటి మొదటిసారి గుర్రమెక్కుతున్నాడు. ఆమె వంతుకు ఆఖరి దడి పడింది. ఆఖరి దడికి అవతల గుంత. అంతకుముందు యేడు ఒక పిల్లోడు ఆ గుంతలోనే పడి మళ్ళీ లేవలేదంట. వాళ్ళమ్మ ఇప్పటికీ ఆ దోవన నడవదంట.

గుర్రాలు చానా ఉన్నాయి గానీ, లెక్కలోకి వచ్చేవి మూడే. పాళెగాడి అల్లుడి నల్లగుర్రం ఒకటి. గాలిలాగా పోతాది, కానీ ముందు భారమెక్కువ, ఎత్తు దడి కాడ వెనకాముందు ఆడతాది. రెండోది గాండ్ల తిప్పయ్య ముసలి గుర్రం, గోధుమ రంగుది. దానికి తొందర లేదు, భయమూ లేదు, గానుగెద్దు మాదిరి ఎట్లా పోవాల్నో అట్లా పోతాది. మూడోది కాశింసాబు ఆడగుర్రం. దాని మీదే మద్దిలేటి ఎక్కేది. జింక మాదిరి ఎగురుతాదంటారు గానీ పందెంలో ఎవరూ చూడలేదు. జనమంతా నల్లదాని మీద కాసినారు. అందరూ కాస్తే ఏమైతాది? గెలిచినా చేతికి వచ్చేది పిడికెడే. ఆడగుర్రం మీద ఒకటి కాస్తే అయిదు వస్తాయని చాటినా, కాసే దిక్కు లేదంట. సుంకన్న రచ్చబండ కాడ కూచుని రోజూ ఇదే తూచేవాడు. సొంత కొడుకెక్కిన గుర్రం మీద తండ్రి కాయకూడదు, దిష్టి తగుల్తాదని అక్కడ నమ్మకం. ఇంక మిగిలింది నల్లది, గోధుమది. నల్లదైతే ఖాయం అనుకున్నాడు. ఖాయమైన దాని మీద కొంచెం పెడితే కొంచెమే వస్తాది కదా, అందుకని ఎక్కువ పెట్టాలనుకున్నాడు. ఎంతెక్కువంటే, ఏటిగట్టున ఉండే మడి మొత్తం పెట్టేసినాడు. ఆ మడి తప్ప వాళ్ళకి వేరే తిండి లేదు. చూడండి ఆయన తెలివి. పెద్దమ్మ గుడి ముందరుండే రాతిగుండు మీద చెయ్యి పెట్టి ఒట్టేసి వచ్చినాక, ఇంట్లో చెప్పినాడు.

ఓబులమ్మ అరవలేదంట. అసలే మాట పొదుపు మనిషి. కూర్చుని కంప విడదీస్తా ఉండిపోయింది. సుంకన్న దగ్గరికొచ్చి, నల్లదానికి ఎత్తు దడంటే పడదే, నువ్వేమో తాటిచెట్టంత ఉంటివి, కొలిచేటప్పుడు మోకాళ్ళు కొంచెం వంచితే చీరలో ఎవరికి కనబడతాది అన్నాడంట. ఆమె కంప విడదీసేది ఆపలేదు. కానీ ఏమైందంటే, ఆమె మనసులోనూ అదే తిరగతా ఉండింది. మడి కోసం కాదు. ఎంత ఎత్తైతే అంత దెబ్బ, ఎంత పొట్టైతే అంత మేలు, నా బిడ్డ గుంత దాటితే చాలు అని. ఏ తల్లైనా అట్లాగే అనుకుంటాది, మీరైనా నేనైనా. పందెం రోజు పొద్దున ఊరి పెద్దకాపు వచ్చి దడులు కొలిచేటప్పుడు ఆమె కుచ్చిళ్ళ లోపల మోకాళ్ళు వంచింది. మోచెయ్యి దడి కొసకు సరిగ్గా తగిలింది. పెద్దకాపు సరే అన్నాడు. పసుపునీళ్ళు చల్లినారు. నీళ్ళు చల్లినాక ఆ దడిని ఎవరూ ముట్టకూడదు.

అంతా అయిపోయింది, ఇంక నిమ్మళంగా ఉందామని ఆమె చెట్టు నీడన కూచుంటే, కాశింసాబు దడి చూసుకుంటా వచ్చినాడంట. గుర్రాల యాపారంలో తల నెరిసిన మనిషి. ఆ దడి కాడ ఆగినాడు, చెయ్యి పెట్టి చూసినాడు, మొహం మాడిపోయింది. ఏంది తల్లీ ఇది, ఇంత పొట్టిగా వచ్చిందే అన్నాడు. నా గుర్రానికి ఎత్తు కనబడితేనే బెదురు, బెదిరితేనే లేస్తాది. మా పెరట్లో గోడ నా మోకాలెత్తు, దాన్ని లెక్కజెయ్యకుండా కాలు తట్టుకుని పడింది మొన్న. మిగతా దడుల కాడ తట్టుకుంటే ఉత్త నేల, ఇక్కడ తట్టుకుంటే అవతల గుంత కదా అన్నాడు.  మరి మా వాణ్ణి ఎక్కించకుండా ఆపు సాబూ అనిందంట ఓబులమ్మ. ఆయన, పందేనికి తప్పెట కొట్టేసినారు తల్లీ, ఇప్పుడు నేనాపినా మీ వాడు ఆగుతాడా అన్నాడు. నిజమే, మద్దిలేటి అప్పటికే తలగుడ్డ చుట్టుకుని గుర్రం మెడ నిమురుతా ఉన్నాడు. అమ్మ వైపు చూడనైనా లేదు.

ఆమె లేచి మొగుడి కాడికి పోయింది. సుంకన్న విని నవ్వినాడంట. పిచ్చిదానా, దడి ఎత్తు పెరిగితే ఎవరికి లాభం, నల్లది ఆగిపోతే ఎవరు గెలుస్తారు, సాబు తన గుర్రం గెలవాలని నీకు కతలు చెప్తున్నాడు అన్నాడు. ఆ మాటా నిజమే అనిపించింది ఆమెకు. సాబు చెప్పిందీ నిజమే అనిపించింది. ఆ ఇద్దరూ గుర్రాల లెక్క చెప్పేవాళ్ళేగానీ, గుర్రమ్మీద కూచున్న బిడ్డ లెక్క ఎవరూ చెప్పలేదు. ఎవర్నని అడగతాది? పెద్దమ్మ కాడికి పోతే అక్కడ సందు లేదు, జనం. అట్లనే నడిచి, గుర్రాలు వచ్చే దోవలోకి పోయి, దూరంగా నిలబడి తాను కట్టిన దడిని చూసిందంట. గుర్రమైతే ఎట్లా చూస్తాదో అట్లా చూద్దామని. చూస్తే ఏముంది, ఏదో చేనిగట్టు అంచులాగా చిన్నగా కనబడింది. అవతల గుంత ఉన్నట్టే తెలీలేదు. ఆమెకే దాన్ని చూస్తే భయమెయ్యలేదంట. నాకే భయమెయ్యని దాన్ని చూసి గుర్రమెట్లా బెదురుతాది, బెదరకపోతే ఎట్లా లేస్తాది అనుకుందంట.

గుర్రాలు అన్నీ వరసకు వచ్చినాయి. పందెం మొదలని పాళెగాడు గుడ్డ ఎత్తబోతున్నాడు. అప్పుడు ఓబులమ్మ జనాన్ని తోసుకుంటా పోయి ఆఖరి దడి పక్కన నిలబడింది. పొద్దుటి మాదిరే మోకాళ్ళు వంచి, మోచెయ్యి మడిచి దడి మీద పెట్టింది. పెట్టి, మెల్లగా మోకాళ్ళు చాపింది. చాపేకొద్దీ మోచెయ్యి లేస్తా వచ్చింది. దడికీ చేతికీ నడుమ జానెడు సందు.  "పొద్దున నేను వంగినాను. ఇప్పుడు కొలవండి" అనింది. 

ఇంక చూస్కోండి. నల్లదాని మీద కాసినోళ్ళంతా లేచినారు. అమ్మోరితో ఆటలాడతావా అన్నాడొకడు, తాటిచెట్టుకు ఇప్పుడు గుర్తొచ్చిందా వంగినానని అన్నాడొకడు. పాళెగాడి అల్లుడు మీసం తిప్పుకుంటా, నీళ్ళు చల్లింది చల్లినట్టే ఉండాలన్నాడు. పెద్దకాపు కాసేపు గడ్డం గోక్కుని, కట్టినామె చెయ్యే కొలత, కొలత తప్పినాక నీళ్ళు చల్లి ఏం లాభం, ఎత్తండి అన్నాడంట. పందేలు మార్చుకోడానికి మాత్రం లేదు, గుండు మీద పెట్టిన చెయ్యి పెట్టినట్టే. ఓబులమ్మ తానే కంప తెచ్చి ఎత్తు కట్టింది. ముళ్ళు గుచ్చుకుంటా ఉంటే రక్తం చూసుకోలేదంట. సుంకన్న జనంలో నుంచి ఆమెను చూసి, నేల మీద కూలబడినాడు. ఆమె ఆ వైపు తల తిప్పలేదు.

గుడ్డ లేచింది, గుర్రాలు లేచినాయి. నల్లది ముందు, చానా ముందు. ఒక్కో దడీ దాటతా ఉంటే జనం కేకలు. ఓబులమ్మకి ఏమీ వినబడలేదంట, కళ్ళు మూసుకుందామనుకుంది, మూతబడలేదంట. నల్లది ఆఖరి దడి కాడికి వచ్చింది, తల ఎత్తింది, చూసింది, ముందుకాళ్ళు తన్నిపెట్టి ఆగిపోయింది. దాని మీది వాడు మెడకు కరుచుకున్నాడు. ఎంత కొట్టినా అది పక్కకే గానీ ముందుకు లేదు. వెనకనే గోధుమది వచ్చి, ఇంటి గడప దాటినట్టు దాటిపోయింది. దాని వెనక సాబు ఆడగుర్రం. అది దడిని చూసి బెదిరింది చూడండి, ఆ బెదురులో లేచిందంట, మనిషి చెయ్యెత్తినా అందనంత. దడీ గుంతా రెండూ కింద ఉండిపోయినాయి. అవతల దిగినప్పుడు మద్దిలేటి ఒక పక్కకు ఒరిగినాడు, జారినాడు, మళ్ళీ కూచున్నాడు.  కానీ అంత పైకి లేచి దిగేలోపల గోధుమది ఎంతో దూరం పోయింది. తిప్పయ్య గెలిచినాడు. ఏటిగట్టు మడి పోయి తిప్పయ్య పాలయింది.

ఇంటికొచ్చినాక సుంకన్న గోడకానుకుని కూచున్నాడంట. మాట్లాడింది ఎవరంటే కొడుకు. దడి పొట్టిగానే ఉండుంటే నేను దూకింది దూకినట్టు పోయి గెలిచేవాణ్ణి గదమ్మా, ఎవరు నిన్ను వంగమన్నారు, వంగినదానివి ఎవరు లెయ్యమన్నారు అని. "గుర్రం గాల్లో ఉన్నంతసేపు ఆ ముసలిది పరిగెత్తిందమ్మా, నీవల్లనే పోయింది" అన్నాడంట.  ఆమె ముళ్ళు గుచ్చుకున్న చేత్తోనే సంగటి కెలికి కంచంలో ముద్ద పెట్టి, వాడి ముందుకు తోసింది. వాడు తింటానే తిట్టినాడు, తిడతానే ఇంకో ముద్ద అడిగినాడు.

పొట్టి దడైతే ఆ గుర్రం దాటేదో, తట్టుకుని పడేదో, సాబు చెప్పింది నిజమో, సుంకన్న చెప్పింది నిజమో, ఎవరికి తెలుసు? పెద్దమ్మకి తెలుసేమో గానీ ఆమె చెప్పదు. ఓబులమ్మ ఆ పైయేడు నుంచి కూలికి పోయిందంట, తాను కోల్పోయిన మడికే, తిప్పయ్య కింద. ఎవరైనా ఆ పందెం మాటెత్తితే, మా ఇంట్లో అందరూ ఓడిపోయినారు, నేనొక్కదాన్నే గెలిచినా అని కలుపు తీసుకుంటా పోయేదంట. సుంకన్న మాత్రం మళ్ళీ జాతరొచ్చేసరికి రచ్చబండ కాడ కూచుని, ఈసారి గోధుమది ఖాయం అంటున్నాడంట. పెట్టడానికి ఏమీ లేదు కాబట్టి సరిపోయింది.