తోపే జెండా

మిర్యాలగూడ శివారులో సంపత్ సిమెంటు విగ్రహాలు చేసే షెడ్డు. ఫిరంగి దళంలో పనిచేస్తూ పోయిన కొడుకు సామేలు విగ్రహం ఎంతవరకు వచ్చిందో చూడటానికి త్రిపురారం నుంచి దానియేలు వచ్చాడు. విగ్రహానికి ఇంకా తల పెట్టలేదు; టోపీ మాత్రం విడిగా చేసి పక్కన పెట్టి ఉంది.

“ఇదేంది సంపత్, టోపీ మీద మూడు సింహాలు పెట్టినవ్?”

“జవాన్లకు అవే గద దానియేలన్నా.”

“ఎవడు చెప్పిండు నీకు? ఇది ఎస్సై టోపీ.”

“అచ్చు ఎస్సైదే మరి. పోయినేడు ఒక ఎస్సైని చేసిన. ఎవరికైనా ఒళ్ళు గదే అచ్చు, తలకాయ ఒక్కటే మారుస్త. లీడర్లదైతే ఇంకా సులువు, అందరికి ఒక్కటే పొట్ట.”

“నీ పరాచికాలు నాకొద్దు. సింహాలు గీకెయ్. ఫిరంగి తోపు పెట్టు. చక్రం కనపడాలె. మీద ఒక నక్షత్రం.”

“నక్షత్రమెందుకు?”

“ఇంగ్లీషోళ్ళ కాలంల కిరీటముండె. వాళ్ళు పొయినంక అది తీసేసి నక్షత్రం పెట్టిన్రు. గోల్కొండల ట్రైనింగ్ అయితున్నప్పుడు సామేలే చెప్పిండు. పట్టీ మీద ‘సర్వత్ర ఇజ్జత్-ఓ-ఇక్బాల్’ అని రాయాలె. ఏడికి పొయినా గౌరవం, పేరు అన్నట్టు.”

“సరే. చేతుల పెద్ద జెండా పెట్టనా?”

“పెట్టినవంటే ఆ చెయ్యే ఇరగ్గొడ్త. తోప్‌ఖానోళ్ళకు జెండా ఉండదు. వాళ్ళకు తోపే జెండా. దానికే సలాం కొడ్తరు. సచ్చినా దాన్ని ఇడిసిపెట్టి రారు.”

“గందుకేనా మన సామేలు...”

“కొండ జారింది. బండి, తోపు, పోరగాండ్లు, అంత లోయల పడ్డరు. తోపును గొలుసులేసి గుంజిన్రు. రంగేసి మల్ల నిలబెట్టిన్రంట. తోపు వాపసొచ్చింది సంపత్. నాకు పెట్టె వచ్చింది.”

“ఊకో అన్నా. కూసో. చాయ్ తెప్పిస్త.”

“వద్దు.”

“మరి ఫోటో ఇయ్యి. పోయినసారి అడిగితే రేపు రేపు అంటివి. ఆదివారం ఊర్లె బస్టాండ్ల నిలబెడ్తున్నరు, తలకాయ ఎప్పుడు చెయ్యాలె నేను?”

“చక్రానికి చువ్వలు మంచిగ రావాలె.”

“ఫోటో అన్నా.”

“చువ్వలు సన్నగ...”

“అన్నా! చువ్వలు నేను సూస్కుంట. ముఖం సంగతి చెప్పు.”

“ఆ మూలకున్న తలకాయ ఎవరిది?”

“అదా? ఎవరిదీ కాదు. పోలిక కుదరలేదని పడేసిన.”

“అదే పెట్టు.”

“నీకేమన్న పిచ్చి లేసిందా? కింద సామేలు పేరు, మీద ఎవని ముఖమో?”

“వాళ్ళమ్మ కోసం. పెట్టె తెరవనియ్యలేదు గద. అండ్ల ఉన్నది మనోడు కాదంటది ఎస్తేరు. రోజు పొలం కాడికి పొయి వాని నంబరుకు ఫోన్ చేస్తది. బస్టాండ్ల కొడుకు ముఖం సూస్తే ఆగమైతది.”

“అయ్యో, వదిన గట్లయిందా... అగో, ఆటో దిగుతున్నది వదినే గద. నువ్వు రమ్మన్నవా?”

“నేనెందుకు రమ్మంట?”

“ఇగో సంపత్ తమ్మీ, ఫోటో. ఈయన ఇయ్యడని నాకెరుకే. గందుకే నేనే తెచ్చిన.”

“వదినా, మరి నువ్వు... సామేలు పోలేదంటున్నవంట? రోజు ఫోన్ చేస్తున్నవంట?”

“ఎస్తేరూ, నువ్వు ఇంటికి పో.”

“నేనా? పెట్టె మీద మొదటి పిడికెడు మట్టి ఏసిందే నేను. ఈయన సమాధుల తోట గేటు దాటి రాలే.”

“ఇంటికి పో అంటున్న.”

“ఫోన్ చేసేది ఈయన తమ్మీ. పొలం కాడికి పొయి చేస్తడు. ఇంట్ల, బీరువాల, చీరల కింద మోగుతది.”

“బీరువాలనా? మిలిట్రోళ్ళు పంపిన సామాన్ల ఫోన్ లేదన్నవ్ గద! మోగుతున్నది గద, ఏడనో ఉన్నడు, ఎత్తుతలేడు అనుకుంటున్న గద నేను...”

“ఉండె. దాచిన. అది మోగిన నాడే నువ్వు బువ్వ తింటున్నవ్.”

“ఎస్తేరూ...”

“ముఖం వానిదే పెట్టు సంపత్. ఈయన సూడాలె. ఇంకెన్నాళ్ళు ఆ ఫోన్‌కు చార్జింగ్ పెట్టాలె నేను?”