గుస్తావ్ అందించిన బంతి

"ఇదిగో, ముందే చెబుతున్నా, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను," అన్నాడు గుస్తావ్.

ఆ మాట చెవిన పడిందంటే ఇక మాకు విముక్తి లేదన్నమాటే. నేను ఇంకో గ్లాసు సోడా కలిపిన వైను తెమ్మని తెరేజక్కకి సైగ చేశాను. బుడాపెస్ట్ చివర ఇటికల బట్టీల పేటలో ఆవిడ వైను దుకాణమే మాకు సభాస్థలి. ఎల్లుండి ఆదివారం బీరు ఫ్యాక్టరీ ముసలాళ్ళతో మా బట్టీ ముసలాళ్ళకి ఫుట్‌బాల్ పోటీ. జట్టు తేల్చాల్సింది మా కెప్టెన్ ఎలెమేర్. అతనేమో మూల బల్ల దగ్గర కూర్చుని, రొట్టె మీద పందికొవ్వు రాసుకుని, ఉల్లిపాయ చక్రాల్లా తరుక్కుంటున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పడం లేదు.

గుస్తావ్ తిప్పలన్నీ ఆ ఎలెమేర్ కోసమే. వయసులో ఉన్నప్పుడు మా జట్టుకి ముందు నిలబడి గోల్స్ కొట్టింది గుస్తావే, అది అబద్ధం కాదు. నేను వెనక ఆడినవాణ్ణి, నా కళ్ళతో చూశాను. ఇప్పుడేమో పొట్ట ముందు నడుస్తుంది, వాడు వెనక వస్తాడు. ఇంకొక్కసారి ఆ చొక్కా తొడుక్కుని మైదానంలోకి దిగితే చాలు, తర్వాత పోయినా పర్లేదని తెరేజక్క దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడట. పాపం, వాడి కోతలన్నిటిలోనూ అదొక్కటే నిఖార్సైన నిజం.

"నా మొదటి గోలు చాలా మామూలు గోలు," అని మొదలెట్టాడు. "వియన్నా వాళ్ళతో ఆట. కాళ్ళకి మా నాన్న బూట్లు, లోపల గుడ్డపీలికలు కుక్కుకున్నా. బంతి వచ్చింది, తన్నాను, గోల్లోకెళ్ళింది. అంతే. ఇందులో గొప్పేముంది? కాకపోతే ఆ రోజుల్లో గోలుకి వల ఉండేది కాదు కదా, బంతిని ఆపేదెవరు? పక్కనే గుర్రప్పందేల మైదానం. కంచె దాటి అందులో పడింది. అప్పుడే గుర్రాల్ని వదిలారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గుర్రాలు బెదిరిపోయాయి," అన్నాను.

"బెదరడమా? సిగ్గుతో చచ్చాయి! నా బంతి ఒక్కోదాన్నీ దాటుకుంటూ పోయి మొదటొచ్చింది రా! దానికి పూలదండ వేశారు, బ్యాండు వాయించారు. ఒక జమీందారు పరుగెత్తుకొచ్చి, మంచి జాతి బంతి, దీనికి పిల్లలు పుడితే బయటివాళ్ళకి ఇవ్వకండి, నేనే పెంచుకుంటానని నా చెయ్యి పట్టుకున్నాడు."

"ఇచ్చావా మరి?" అంది తెరేజక్క గ్లాసు పెడుతూ.

"అది మగ బంతి తెరేజక్కా, ఏం చెయ్యను?"

కొట్టంతా గొల్లున నవ్వింది. గుస్తావ్ మాత్రం నవ్వలేదు, ఓరకంట ఎలెమేర్ వైపు చూశాడు. ఎలెమేర్ ఉల్లిపాయ మీద ఉప్పు చల్లుకుంటున్నాడు. దాంతో వాడు కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కున్నాడు.

"ఇదేం చూశారు, డాన్యూబ్ నది గడ్డకట్టిన ఏడు జరిగింది వినండి. బుడా వైపు వాళ్ళకీ పెస్ట్ వైపు మనకీ మంచు మీదే పోటీ పెట్టారు. ఎడంకాలితో తన్నితే మంచు పగులుతుంది, జాగ్రత్త అని అందరూ నన్ను బతిమాలారు. నేనూ కుడికాలితోనే ఆడదామనుకున్నా, ఒట్టు! కానీ బంతి ఎడమకి వచ్చింది, నన్నేం చెయ్యమంటారు? ఒక్క తన్ను. టప్పున మంచు చీలింది. గోలు కాసే వాళ్ళ గోలీ నిలబడ్డ మంచుముక్క, గోలుతో సహా, అలా కదిలి నది వెంట దక్షిణానికి పోయింది. అయినా వాడిది గొప్ప గుండె, కాదనకూడదు. దారిలో ప్రతి ఊళ్ళోనూ జనం ఒడ్డు మీంచి బంతులు తన్నేవాళ్ళు. బెల్‌గ్రేడ్ దాటేదాకా ఒక్కటీ వదల్లేదు."

"ఆ తర్వాత?"

"తర్వాత నల్లసముద్రం. అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు. ఆ రెండు గోలు కర్రల మధ్యే ఇల్లు కట్టుకున్నాడు. కిటికీలోంచి ఏదైనా ఎగిరొస్తే ఇప్పటికీ దూకి పట్టేస్తాడట, వాళ్ళావిడ పళ్ళేలు విసిరినా సరే!"

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మాటలు కోటలు దాటుతున్నాయి, ఆదివారం ఈ కాళ్ళు మాత్రం మధ్యగీత దాటుతాయో లేదో అనుకున్నాను కూడా. ఎలెమేర్ రొట్టె కొరికి నెమ్మదిగా నములుతున్నాడు. వాడి మొహంలో ఏ కబురూ లేదు. గుస్తావ్‌కి చెమటలు పట్టాయి. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, లేచి నిలబడ్డాడు.

"సరే, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నా. ప్రేగ్ వాళ్ళతో ఆఖరి పోటీ. తలతో కొట్టాను బంతిని, పైకి పోయింది. ఎదురుచూశాం, చూశాం, దిగదే! నేను ఇంటికెళ్ళి, మా అమ్మ మాంసం కూరి వండిన క్యాబేజీ చుట్టలు తిని, కాసేపు కునుకు తీసి, గడ్డం గీయించుకుని తిరిగొచ్చాను. అప్పుడు దిగుతోంది, నిదానంగా. ఎందుకో తెలుసా? దాని మీద కొంగ గూడు కట్టేసింది!"

"గుడ్లు కూడా పెట్టిందా?" అన్నాను.

"పెట్టకుండా ఉంటుందా, ఆడకొంగ! పొదుగుతోంది కూడా. ఇక నా అవస్థ చూడండి. గుడ్డు పగలకూడదు, గోలు తప్పకూడదు. ఛాతీ మీద మెల్లిగా దించుకుని, పాదం మీద పెట్టుకుని, ఒక్కొక్కణ్ణీ తప్పించుకుంటూ పోయాను. కొంగ రెక్కలు కూడా ఆడించలేదు, నా మీద అంత నమ్మకం. ప్రేగ్ గోలీ ఆ తల్లికొంగకి గౌరవంగా టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు. గోలు ఖాళీ. బొటనవేలితో తోస్తే చాలు."

గుస్తావ్ గొంతు ఒక్కసారిగా తేనె పూసినట్టైంది. ఎలెమేర్ బల్ల దగ్గరికి నడిచి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"అప్పుడు ఎడమ పక్కకి చూశాను. అక్కడెవరున్నారు? మన ఎలెమేర్! ఒంటరిగా! ఎప్పుడూ పేరు నాకేనా, నా స్నేహితుడికి రావద్దా అనిపించింది. బంతి వాడికి అందించాను. వాడే కొట్టాడు గోలు. అదిరా మా బంధం!"

ఎలెమేర్ నోట్లోది మింగి, కత్తి తుడిచి, మూతి తుడుచుకున్నాడు.

"గుర్రాల సంగతి నిజమే," అన్నాడు. "ఆ బంతి మీద మా నాన్న పందెం కాశాడు. నదిలో పోయిన గోలీ సంగతీ నిజమే, క్రిస్మస్‌కి నాకు ఎండుచేపలు పంపుతుంటాడు. కొంగనైతే స్వయంగా చూశాను, పిల్లలు పెద్దవై ఈజిప్టు వెళ్ళాయి. వీటిలో ఏ ఒక్కటి అబద్ధమన్నా నేను ఒప్పుకోను."

గుస్తావ్ మొహం వెలిగిపోయింది.

"కానీ నువ్వు నాకు బంతి అందించావా? ఎప్పుడురా? ఎడమ పక్క నిలబడి 'గుస్తావ్, ఇటు! ఒరేయ్, ఇటురా!' అని అరిచి అరిచి నా గొంతు ఇలా బొంగురుపోయింది. ఓసారి ఆట చూడ్డానికొచ్చిన మా ఆవిడ, అక్కడ ఊరికే నిలబడ్డ నన్ను చూసి, లోపలికెలా రానిచ్చారండీ, టికెట్ కొన్నారా అని అడిగింది."

తెరేజక్క నవ్వాపుకోలేక బల్లకి ఆనుకుంది. మేమంతా గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేసి పగలబడి నవ్వాం. గుస్తావ్ చెయ్యి ఎలెమేర్ భుజం మీంచి జారిపోయింది. గాలి తీసిన బంతిలా కుర్చీలో కూలబడ్డాడు. వాడి కళ్ళు చూస్తే నాకే నవ్వు ఆగిపోయింది, జాలేసింది.

"అయితే..." అన్నాడు, వాడి గొంతేనా అన్నంత చిన్న గొంతుతో. "ఆదివారం నేను లేనట్టేనా?"

"ఎందుకు లేవు? ఉన్నావు," అన్నాడు ఎలెమేర్, రొట్టెలో సగం విరిచి వాడి ముందు పెడుతూ. "గోలీగా నిలబడు. అక్కడైతే బంతి చేతికొచ్చాక ఎవరికో ఒకరికి ఇవ్వక చస్తావా!"