ముందే సిద్ధమైన నివాళి

ఫైన్ ఆర్ట్స్ చదివి టీవీ ఛానల్లో గ్రాఫిక్స్ ఉద్యోగంలో చేరిన కూతురు, ఆ సాయంత్రం వస్తూనే వంటింట్లో పీట మీద కూలబడింది.

“ఆసుపత్రికెళ్ళి మీ డ్రాయింగ్ మాస్టార్ని చూశావా?” అంది తల్లి.

“పొద్దుట్నుంచీ ఆయన్నే చూస్తున్నానమ్మా, కంప్యూటర్లో. పేరున్నవాళ్ళకి సీరియస్ అంటే చాలు, మా వాళ్ళు నివాళి ముందే చేయించి పెట్టుకుంటారు.”

“ప్రాణం ఉండగానే? చెయ్యమనడానికి వాళ్ళకి నోరెలా వచ్చిందే!”

“శిష్యురాలివి, నువ్వైతే బాగా చేస్తావన్నారు. చేశాను. అందరూ మెచ్చుకున్నారు. చేరిన దగ్గర్నుంచీ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.”

“నువ్వొచ్చావా అని మాస్టారు అడుగుతున్నారట. ఒక్కసారి వెళ్ళిరా.”

“ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఆయన పేరు కింద పుట్టిన సంవత్సరం వేసి, పక్కన చోటు వదిలేసి వచ్చాను.”

తల్లి స్టవ్ ఆపేసింది.

“అందుకే వెళ్ళమంటున్నా తల్లీ. ఆ చోటు నిండకముందే వెళ్ళు.”